అవ్వ మోకాళ్లు, మేడం డ్యూటీలు, ఒక కరెంటు కారు: అనంతపురంలో ఒక ఇంటి కేస్ స్టడీ

నేను అనంతపురంలో ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుని. ఇళ్లకు వైరింగు, సోలారు ప్యానెళ్లు, ఈమధ్య కార్లకు చార్జింగ్ పాయింట్లు పెట్టడం నా పని. పాయింటుకు ఎంతవుతుందని ఫోన్ చేసేవాళ్లు నాలుగు మాటలయ్యాక అసలు ప్రశ్న బయటపెడతారు: "అన్నా, ఈ కరెంటు కారు మాకు సరిపోతుందంటావా?" బండి అమ్మితే నాకేం రాదు, వాళ్లు కొనకపోతే ఒక పాయింటు పని పోతుంది, అంతే. అందుకని ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. ఈ కేసు 2025 దసరా ముందర నా దగ్గరికి వచ్చింది. ఇంటివాళ్లు రాసుకోమన్నారు, పేర్లు మాత్రం వద్దన్నారు.

ఇంటాయన నార్పల మండలంలో హైస్కూలు టీచరు. మేడం పట్నంలో స్టాఫ్ నర్సు. పొద్దున డ్యూటీ, మధ్యాహ్నం డ్యూటీ, నైట్ డ్యూటీ వారాలవారీగా మారుతుంటాయి. పాప ఇంటర్ రెండో ఏడు, బాబు ఆరో తరగతి. సారు వాళ్లమ్మ కూడా వీళ్ల దగ్గరే ఉంటుంది. అవ్వకు మోకాళ్ల నొప్పులు, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రిలో చూపిస్తున్నారు. నార్పల దాటి సొంతూర్లో ఐదెకరాల చీనీ తోట ఉంది, తమ్ముడు చూసుకుంటాడు. సాయినగర్‌లో సొంతిల్లు, కింద అద్దెకిచ్చి వీళ్లు పైన ఉంటారు. బండి 2013 మోడల్ డీజిల్ స్విఫ్ట్.

స్విఫ్ట్‌కు క్లచ్ అరిగింది, ఇంజెక్టర్లు మొరాయిస్తున్నాయి. మెకానిక్ చెప్పిన అంచనా విని సారు కొత్త బండి ఆలోచనలో పడ్డారు. సరిగ్గా అప్పుడే, సెప్టెంబర్ 22న, చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ తగ్గింది. అంతకు ముందు సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది, 18కి వచ్చింది. కరెంటు కార్ల మీద ముందూ 5 శాతమే, తర్వాతా 5 శాతమే. అంటే రెంటి మధ్య ధర తేడా ఆ రోజు నుంచి పెరిగింది. ఇంకోపక్క బెంగళూరులో ఉన్న బావమరిది "ఒకసారి ఫుల్ చేస్తే అనంతపురం వచ్చి వెనక్కి పోవచ్చు బావా" అంటాడు. స్కూల్లో తోటి టీచరు "ఎనిమిదేండ్లకు బ్యాటరీ పోతే బండి ధర పెట్టాల" అంటాడు. ఇద్దరి మాటలూ పక్కన పెట్టమన్నాను.

డాష్‌బోర్డు మీద నోటుబుక్కు

ఇట్లాంటి ఇంటికి నేను చేయించే మొదటి పని ఒకటే. రెండు వారాల పాటు బండి కదిలిన ప్రతిసారీ మీటరు రీడింగు, ఎవరు ఎక్కారు, ఎక్కడికి, ఎన్ని గంటలకు తిరిగొచ్చింది అని రాయించడం. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారని నోటితో అడిగితే అందరూ "అరవై, డెబ్బై" అనే చెబుతారు. అది మామూలు రోజు లెక్క. బండి సరిపోతుందా లేదా అన్నది తేలేది మామూలు రోజున కాదు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడిన రోజున.

పాపకు ఆ పని అప్పజెప్పారు. ముత్యాల్లాంటి రాత. మామూలు రోజుల్లో స్కూలుకు పోను రాను 60 దాటుతుంది, పట్నంలో ట్యూషను, మార్కెట్టు, మేడంను దింపడం కలిపి 75, 80. ఒక మంగళవారం మాత్రం 128 కిలోమీటర్లు. ఆ రోజు సారు స్కూలు నుంచి నేరుగా ఇంటికొచ్చి, అవ్వను ఎక్కించుకుని బత్తలపల్లి పోయి, తిరిగొచ్చేసరికి చీకటి పడింది. ఆ వెంటనే మేడంను నైట్ డ్యూటీకి దింపి, ట్యూషన్ నుంచి బాబును తెచ్చుకున్నారు. మధ్యలో చార్జింగ్ పెట్టే సందు ఎక్కడా లేదు. పొద్దున తొమ్మిదిలోపు స్కూల్లో ముఖ హాజరు పడాలి కాబట్టి మరుసటి రోజు ఆలస్యంగా బయల్దేరే వెసులుబాటూ లేదు.

ఆ 128 నాకు కావాల్సిన అంకె. దానికి నాలుగో వంతు కలిపితే 160. ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుని, ఎండాకాలంలో నిజంగా 160 నడిచే బండి కావాలి ఈ ఇంటికి. అంతకు తక్కువైతే ఆ మంగళవారం సాయంత్రం సారు కళ్లు రోడ్డు మీద ఉండవు, చార్జింగు శాతం మీద ఉంటాయి. అంతకు చాలా ఎక్కువైతే వాడుకోని బ్యాటరీకి డబ్బు కట్టినట్టే.

ఒకసారి చార్జి చేస్తే ఇంత దూరం పోతుందని కంపెనీ చెప్పే రేంజికీ మన రోడ్డు మీద వచ్చేదానికీ తేడా ఎందుకో సారుకు వివరంగా చెప్పాను, ఫిజిక్సు టీచరు కాబట్టి సులువుగా పట్టుకున్నారు. కంపెనీ రేంజి తేల్చే పరీక్ష ల్యాబులో రోలర్ల మీద, ఏసీ ఆపేసి, ఎక్కువ భాగం తక్కువ వేగంతో జరుగుతుంది. మన 44వ నంబరు జాతీయ రహదారి మీద 90లో పోతే గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది. 60లో పోయేటప్పటికంటే రెండింతలు పైమాటే. చెప్పిన రేంజిలో దగ్గర దగ్గర అరవై శాతం చేతికొస్తుందని పెట్టుకుని లెక్కేస్తాను నేను. పట్నం తిరుగుడే అయితే అంతకంటే మెరుగ్గా వస్తుంది.

ఏ బండి

పది లక్షలకు అటూ ఇటూ అన్నది వాళ్ల హద్దు. అప్పట్లో ఆ ధరలో చూడదగ్గవి తక్కువే.

ఎంజీ కామెట్ చవక. బ్యాటరీ అద్దె పద్ధతిలో ఇంకా చవకగా కనబడుతుంది, కానీ నడిపిన ప్రతి కిలోమీటరుకూ విడిగా కట్టాలి. వీళ్ల మాదిరిగా నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఆ పద్ధతి కలిసిరాదు. అన్నిటికంటే ముందు దానికి రెండే తలుపులు. ముందు సీటు వంచి వెనక్కి దూరాలి. అవ్వ సంగతి పక్కన పెట్టినా మేడం కూడా ఒప్పుకోలేదు. 17.3 యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ ఎటూ 160 కిలోమీటర్లు అందుకోదు.

టాటా టియాగో ఈవీ అప్పట్లో రెండు బ్యాటరీలతో వచ్చేది, 19.2 యూనిట్లు, 24 యూనిట్లు. ఎనిమిది లక్షల లోపు మొదలయ్యే ధర చిన్న బ్యాటరీది, ప్రకటనలో కనబడేది అదే. అది ఆ మంగళవారం అందుకోలేదు. పెద్ద బ్యాటరీది అందుకుంటుంది, కానీ ఎక్స్ షోరూమ్ ధరే పది లక్షలు దాటేది. పంచ్ ఈవీలో 25 యూనిట్ల బ్యాటరీ ఉన్న అన్నిటికంటే కింది మోడల్ అప్పట్లో 9.99 లక్షలు ఉండేది. అంటే దాదాపు అంతే బ్యాటరీ, దాదాపు అంతే ధర. 35 యూనిట్ల పంచ్ బాగుండేది గానీ వాళ్ల హద్దు దాటిపోయింది. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో తయారయ్యే కారెన్స్ క్లావిస్ ఈవీ గురించి బాబు అడిగాడు, మన ఉమ్మడి జిల్లా బండే కదా అని. మొదలయ్యేదే 17.99 లక్షలు నాయనా అన్నాను.

టియాగోనా పంచా అన్నది సారూ నేనూ కాగితం మీద తేల్చలేకపోయాం. టియాగోలో ఫీచర్లు ఎక్కువ, కాస్త తేలిక కాబట్టి రేంజి కూడా కొంచెం మెరుగు. అవ్వను తీసుకుపోయి రెండిట్లో కూర్చోబెట్టి రమ్మన్నాను. టియాగో సీటు కిందికుంటుంది. అవ్వ కూర్చుంది, బాగానే ఉందంది. దిగేటప్పుడు తలుపు పట్టుకుని, సారు భుజం పట్టుకుని, ఆఖరికి మేడం చేయి కూడా పట్టుకుని లేచింది. "కూసునేది సరే, లేసేదెట్ల నాయనా?" అందట. పంచ్ సీటు ఎత్తు మీద ఉంటుంది. నడుము పక్కకు తిప్పి కాళ్లు కింద పెడితే నిలబడినట్టే. నెలకు రెండుసార్లు ఆసుపత్రికి పోయే మనిషి ఉన్న ఇంట్లో టచ్ స్క్రీను సైజు కంటే ఇది పెద్ద సంగతి. పంచ్‌కు నేల నుంచి ఎత్తు కూడా 190 మిల్లీమీటర్లు, తోట దారికి పనికొస్తుంది.

బండి చూడబోయేవాళ్లు ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను తీసుకుపోవడం ఎందుకో మర్చిపోతారు.

డబ్బు లెక్క

ఇక్కడ చాలామంది పొరబడేది కరెంటు రేటు దగ్గర. "మాకు యూనిట్ నాలుగు రూపాయలు పడుతుంది" అని పాత బిల్లును యూనిట్లతో భాగించి చెబుతారు. ఆంధ్రలో ఇంటి కరెంటు శ్లాబుల్లో ఉంటుంది. మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. కారు తాగే కరెంటు ఎప్పుడూ ఇంటి వాడకం మీద పైన పడుతుంది, కింది శ్లాబులు ఫ్రిజ్జూ ఫ్యాన్లూ ముందే తినేసి ఉంటాయి.

వీళ్ల ఇంటి వాడకం నెలకు 190 యూనిట్లు, శ్లాబు లెక్కన 807 రూపాయలు. కారు నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగితే, చార్జింగులో వేడికి పోయేది కూడా కలుపుకుని, గోడలోంచి 320 యూనిట్ల దాకా లాగుతుంది. మొత్తం 510 యూనిట్లకు 3,621. తేడా 2,814 రూపాయలు. అంటే కారుకు పడిన యూనిట్ ధర 8.80 దాకా. దాని మీద ఇంధన సర్దుబాటు చార్జీలు వేసుకుంటే నెలకు మూడు వేలు, కిలోమీటరుకు రూపాయిన్నర అనుకోవచ్చు.

ఇదే 2,000 కిలోమీటర్లకు స్విఫ్ట్ డీజిలు 10,800 దాకా తాగుతోంది. అదే సైజు పెట్రోల్ బండి కొంటే, లీటరు 110కి కాస్త అటూ ఇటూ ఉన్న అప్పటి మన రేటుకు, పదమూడు వేలు దాటుతుంది. మరి కరెంటు కారు మిగులుస్తుందా? రెండు జవాబులు ఉన్నాయి, రెండూ వాళ్ల ముందు పెట్టాను.

నడుస్తున్న స్విఫ్ట్‌ను పక్కన పెట్టి, నెలకు ఏడెనిమిది వేలు మిగులుతాయని కొత్త బండి కొంటే అది మిగులు కాదు. ఎనిమిది లక్షల అప్పు, తొమ్మిది శాతం వడ్డీ, ఐదేళ్లు అంటే నెలకు 16,600 కంతు. మిగిలేది కంతులో సగం కూడా కాదు. అట్లా కాకుండా ఎటూ కొత్త బండి కొనాల్సిందే అనుకుంటే, పోల్చాల్సింది కొత్త పెట్రోల్ బండితో. ఆ రెంటి ధరల మధ్య తేడా మూడు, మూడున్నర లక్షలు. నెలకు పది వేలు మిగిలితే మూడేళ్లలో తేడా తీరిపోతుంది. నెలకు ఏడెనిమిది వందల కిలోమీటర్లే తిరిగే ఇల్లయితే ఏడెనిమిదేళ్లు పడుతుంది. అట్లాంటి వాళ్లకు నేను పెట్రోల్ బండే కొనుక్కోమంటాను, మొహమాటం లేకుండా.

అప్పు ఏడేళ్లకు పెట్టుకుంటే కంతు తగ్గుతుంది కదా అన్నారు మేడం. వద్దన్నాను. బ్యాటరీకి వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఏడాదికి 24,000 తిరిగే వీళ్లకు ఏడేళ్లు నిండకముందే కిలోమీటర్లు అయిపోతాయి. వారంటీ పోయిన బండికి ఇంకా కంతులు కడుతూ కూర్చోవడం నాకు నచ్చదు.

ఇంకో రెండు భ్రమలు కూడా తీర్చాల్సి వచ్చింది. అప్పు వడ్డీ మీద లక్షన్నర దాకా ఆదాయపు పన్ను మినహాయింపు ఉందని సారు స్టాఫ్ రూములో విన్నారు. అది ఆదాయపు పన్ను చట్టం 80ఈఈబీ సెక్షను, 2023 మార్చి 31 లోపు మంజూరైన అప్పులకే. కేంద్రం సబ్సిడీ వస్తుందనీ విన్నారు. ఆ సబ్సిడీ పథకం పీఎం ఈ-డ్రైవ్‌లో సొంత కార్లు లేవు.

సారు తమ్ముడు ఫోన్లోనే ఒక ఉపాయం చెప్పాడు. "తోట కాడ మోటారుకు తొమ్మిది గంటలు ఫ్రీ కరెంటు గదా, ఆడ తగిలిచ్చుకుంటే సరిపాయె!" ఇట్లాంటి మాట నేను వినడం ఇది మొదటిసారి కాదు. ఆ కరెంటు బోరు మోటారుకే ఇచ్చింది. దాన్ని ఇంకో పనికి వాడితే విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద జరిమానా పడుతుంది. పైగా అక్కడి వోల్టేజీ ఎక్కి దిగే తీరు చూస్తే చార్జరే ఆగిపోతుంది. ఇంటి మీటరు మీద సొంత కారును చార్జి చేసుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు, 2022 కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉంది.

ఇంటి దగ్గర

నాకు సంబంధించినంత వరకు అసలు పరీక్ష ఇక్కడ. బండి కొన్నాక చూద్దాంలే అనుకునేవాళ్లు ఎక్కువ. నేను బుకింగుకు ముందే ఇల్లు చూస్తానంటాను.

బండి నిలిపేది మేడ మెట్ల పక్కన, రేకుల కింద. మీటరు అక్కడికి నాలుగు గజాలు. మంచిదే. 15 ఆంప్స్ సాకెట్ ఒకటి ఉంది, గ్రైండరుకని పెట్టించింది. ఆ సాకెట్ మూత తీసి చూస్తే లోపల 1.5 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరు. గ్రైండరు పావుగంట తిరిగి ఆగిపోతుంది కాబట్టి ఇన్నేళ్లూ ఏమీ కాలేదు. కారు రాత్రంతా ఆగకుండా 13 ఆంప్స్ దాకా లాగుతుంది. ఆ వైరు, ఆ వదులు స్క్రూ తెల్లారేసరికి నల్లగా మాడతాయి.

దానికంటే పెద్ద తంటా ఎర్తింగు. మా దగ్గర పాతకాలం పద్ధతి ఒకటుంది: 100 వాట్ల ఫిలమెంటు బల్బు హోల్డరుకు రెండు వైర్లు, ఒకటి ఫేజులో, ఒకటి ఎర్తులో. ఎర్తు బాగుంటే బల్బు మామూలుగా వెలగాలి. ఇక్కడ ఫిలమెంటు మసక ఎరుపులో కనబడీ కనబడనట్టు వెలిగింది. సారు పక్కనే ఉండి చూస్తున్నారు. ఎర్త్ టెస్టరు పెడితే వందల ఓమ్‌లలో చూపించింది. నేను 5 లోపు ఉండాలంటాను. ఎర్తు గుంత ఎక్కడుందని అడిగితే ఎవరికీ తెలీదు. వెతికితే మెట్ల కింద సిమెంటు పూసేసి ఉంది. ఇల్లు కట్టిన నాటి నుంచి అందులో చుక్క నీళ్లు పోసినవాళ్లు లేరు.

అనంతపురంలో ఇది ఇంటింటి కథ. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, కింద గరుసు నేల. ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన గుంత రెండు ఎండాకాలాలకే పొడి పొడిగా ఆరిపోతుంది. కారుతో ఇచ్చే చార్జరు ఎర్తు సరిగా లేకపోతే ఎర్ర లైటు వేసి మొరాయిస్తుంది. అప్పుడు కొందరు ఎలక్ట్రీషియన్లు ఒక పని చేస్తారు: సాకెట్లో న్యూట్రలూ ఎర్తూ కలిపి ముడేస్తారు. లైటు పచ్చగా మారుతుంది, ఇంటాయన సంతోషపడతాడు. ఏనాడైనా స్తంభం దగ్గర న్యూట్రలు తెగితే కారు బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. వాన రోజు చెప్పుల్లేకుండా వచ్చి తలుపు పట్టుకున్న పిల్లవాడి గతి ఏం కావాలి? మీ ఇంట్లో ఎవరైనా అట్లా చేస్తుంటే చేయి పట్టుకుని ఆపండి.

కొత్తగా ఎనిమిదడుగుల గుంత తవ్వించి రాగి పూత కడ్డీ, తేమ పట్టి ఉంచే పొడి వేశాను. మీటరు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, దానికి సొంత బ్రేకరు, 30 మిల్లీఆంప్స్ లీకేజీకి పడిపోయే ఆర్‌సీసీబీ, పింగాణీ లోపలి భాగం ఉన్న బరువైన సాకెట్. మంజూరు లోడు 2 కిలోవాట్లే ఉంది. కారు ఒక్కటే మూడు దాకా లాగుతుంది. 5 కిలోవాట్లకు పెంచమని మాకు కరెంటు ఇచ్చే డిస్కం ఎస్‌పీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టించాను. డిస్కంకు కట్టేది కాకుండా నా పని, సామాను కలిపి ఇరవై వేలలోపు అయింది. ఈ ఖర్చు బండి ధరలో ఎవరూ కలపరు.

రోజుకు 80 కిలోమీటర్లకు రాత్రి నాలుగైదు గంటల చార్జింగు చాలు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండి రేకుల కిందే ఉంటుంది కాబట్టి గంటా రెండు గంటలు కరెంటు పోయినా ఇబ్బంది లేదు. ప్లగ్ ఎవరు పెట్టాలన్నది మాత్రం ముందే తేల్చుకోమన్నాను. హడావిడి ఇళ్లల్లో అందరూ ఇంకొకరు పెట్టారనే అనుకుంటారు. ఆ పని బాబు తీసుకున్నాడు.

మేడ మీద సోలారు గురించి కూడా మాట్లాడుకున్నాం. 3 కిలోవాట్లు పెడితే మన ఎండకు నెలకు 350 యూనిట్ల దాకా వస్తాయి, అంటే కారు వాడకం మొత్తం. పీఎం సూర్యఘర్ కింద 78,000 సబ్సిడీ ఉంది. కారు రాత్రి తాగుతుంది, ప్యానెళ్లు పగలు ఇస్తాయి, నెట్ మీటరింగులో రెండూ సర్దుకుంటాయి. పాప చదువు ఖర్చు ముందుంది కాబట్టి వచ్చే ఏడాదికి వాయిదా వేశారు.

స్విఫ్ట్‌ను ఏం చేయాలి

పాత బండి ఎక్స్‌చేంజికి ఇస్తే రెండు లక్షల చిల్లర వస్తుంది, కంతు తగ్గుతుంది. సారు మనసు అటే ఉంది. నేను ఇవ్వొద్దన్నాను. నెల రెండు నెలలకోసారి బెంగళూరు పోతారు, 215 కిలోమీటర్లు. 25 యూనిట్ల బ్యాటరీతో మధ్యలో ఒకసారి చార్జి చేయక తప్పదు. దానికి తోడు అనంతపురం సముద్ర మట్టానికి 350 మీటర్ల లోపు, బెంగళూరు 900 పైన. నలుగురితో ఆ ఎత్తు ఎక్కడానికే రెండు యూనిట్లు పైన పోతుంది, బ్యాటరీలో దాదాపు పదో వంతు. తిరుగు ప్రయాణంలో కొంత వెనక్కి వస్తుంది, కానీ పోయేటప్పుడు అక్కరకు రాదు.

స్విఫ్ట్ రిజిస్ట్రేషను 2028 దాకా ఉంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 3,416. రోజూ తిప్పకపోతే క్లచ్ ఒక్కటి మార్చి మిగతా పని ఆపేయొచ్చు. దూరాలకు అది, రోజూ తిరుగుడుకు ఇది. స్థలం ఒక బండికే ఉంది కాబట్టి స్విఫ్ట్ రోడ్డు మీద ఉంటుంది. ఒకే బండి ఉండే ఇల్లయి ఉంటే, ఈ ధరలోని కరెంటు కారు వీళ్లకు వద్దనే చెప్పి ఉండేవాణ్ని.

దీపావళికి ముందు పంచ్ ఈవీ తీసుకున్నారు. పచ్చ ప్లేటు, తెల్ల అక్షరాలు.

తర్వాత ఏం జరిగింది

మొదటి పూర్తి నెల బిల్లు రాగానే సారు ఫోన్. ముందే చెప్పినా సరే, ఎనిమిది వందల ఇంటికి మూడు వేలు దాటిన బిల్లు చూస్తే గుండె ఝల్లుమంటుంది. డీజిలు బంకు చీటీలు పక్కన పెట్టి చూసుకోమన్నాను. కరెంటు బిల్లు ఒక్కసారే కాగితం మీద కనబడుతుంది, డీజిలు ఖర్చు ఐదొందలూ వెయ్యీగా నెలంతా జేబులోంచి కారిపోతుంది.

మేం అనుకోనిది ఒకటి జరిగింది. మేడంకు కారు డ్రైవింగు వచ్చు గానీ స్విఫ్ట్ క్లచ్ బరువు, పట్నం ట్రాఫిక్ అని ముట్టుకునేవారు కాదు. దీంట్లో క్లచ్ లేదు, గేర్లు లేవు. రెండో నెల నుంచి నైట్ డ్యూటీకి ఆమే తోలుకుపోతున్నారు. రాత్రిపూట ఆటో బేరాలు, పొద్దున తిరిగొచ్చేందుకు ఎదురుచూపులు పోయాయి. కానీ ఆ రాత్రుళ్లు బండి చార్జింగు పాయింటు దగ్గర ఉండదు, ఆసుపత్రి దగ్గర ఉంటుంది. ఎనిమిదికి డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి సారు స్కూలుకు బయల్దేరాల్సిన టైము దాటిపోతుంది. కాబట్టి నైట్ డ్యూటీ వారంలో సారు స్విఫ్ట్‌లో పోతున్నారు, పంచ్ పగటిపూట చార్జి అవుతుంది. బెంగళూరు కోసం ఉంచమన్న స్విఫ్ట్ నార్పల కోసం పనికొస్తోంది.

దీనివల్ల కరెంటు మీద తిరిగేది నెలకు 2,000 కాదు, 1,600 దగ్గర తేలుతోంది. ధర తేడా తీరడానికి మూడేళ్లు కాదు, నాలుగేళ్లకు దగ్గరవుతుంది. ఆ సంగతి మేడంకు చెబితే, "నైట్ డ్యూటీకి ఎవరి కోసమూ కాచుకోకుండా పోయొస్తున్నా కదా, దాని ఖరీదు ఏ కాలమ్‌లో రాస్తావన్నా?" అన్నారు. నా దగ్గర ఆ కాలమ్ లేదు, నిజమే.

సంక్రాంతి సెలవుల్లో బావమరిది పందెం మీద ఒకసారి బెంగళూరుకు పంచ్‌లోనే పోయారు. హైవే మీద ఒక హోటల్ ఆవరణలో ఉన్న చార్జరు గన్ను తగిలిస్తే స్క్రీను తిరుగుతూనే ఉంది, చార్జింగు మొదలవలేదు. అక్కడి నుంచి ఇంకో చార్జరు దాకా ఏసీ ఆపేసి 60 దాటకుండా పోయారు. అక్కడ గంట. యూనిట్ ధర ఇంటి రేటుకు రెండింతలు పైన. నాలుగు గంటల దారి ఆరు దాటింది. అవ్వకు మాత్రం ఆ గంట బాగా నచ్చిందట, కాళ్లు చాపుకుని కాఫీ తాగింది. ఆ తర్వాత దూరాలకు స్విఫ్టే.

ఏప్రిల్, మే ఎండలు ఇంకా చూడాల్సి ఉంది. రేకుల కింద వేడి ఎక్కువ కాబట్టి స్కూలు నుంచి రాగానే ప్లగ్ పెట్టకుండా, రాత్రి పది తర్వాత మొదలయ్యేలా టైమరు పెట్టుకోమన్నాను. ఎర్తు గుంతలో వారానికో బిందె నీళ్లు పోసే పని బాబుకే ఇచ్చారు.

మొన్న కింద అద్దెకున్నాయన కరెంటు స్కూటీ కొని, సార్ వాళ్ల సాకెట్ ఖాళీగా ఉన్నప్పుడు వాడుకోవచ్చా అని నన్నే అడిగాడు. వద్దన్నాను. సారు మీటరు ముందే పై శ్లాబులో ఉంది, ఆయన స్కూటీ యూనిట్లు కూడా 9.75 మీద పడతాయి, రేపు బిల్లు దగ్గర మాటా మాటా వస్తుంది. ఆయన మీటరు నుంచి విడిగా ఒక పాయింటు లాగి, ఎర్తు మాత్రం ఆ కొత్త గుంతకే కలిపితే సరిపోతుంది. ఆదివారం పోయి చేసొస్తాను.